ముసురులో ములుగు దారి

"తుఫానట, సంక్రాంతి సెలవులల్ల పోవచ్చు గద" అని మా అక్క మూడుసార్లు చెప్పింది. వినలేదు. నాకు లీవు దొరికింది ఆ రెండు రోజులే, పైగా లక్నవరం చెరువు దగ్గర టెంటుకు డబ్బులు కట్టేసి ఉన్నాను. అలా 2023 డిసెంబర్ 5, మంగళవారం, మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున మేము హనుమకొండ నుంచి ములుగు వైపు బయల్దేరాం. మేమంటే నేను, మా బాపు, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అక్క కొడుకు. బాపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. చెరువు కనబడితే బండి ఆపమనే మనిషి. ఆ సంగతి తెలుసు కాబట్టే కారు మాట్లాడేటప్పుడు వెయిటింగ్ లెక్క గట్టిగా అడిగి పెట్టుకున్నాను. కిలోమీటరుకు 13 రూపాయలు, ఆగిన గంటకు 100, డ్రైవర్ బత్తా 300.

ముందు టెంటు సంగతి చెప్పి పక్కన పెడతాను. చెరువు దగ్గర ఒక ప్రైవేటు క్యాంపులో ముగ్గురికి ఒక రాత్రి బుక్ చేశాను. ఫొటోల్లో దీపాల తోరణాలు, మంట చుట్టూ కుర్చీలు, అంతా కళకళలాడుతూ ఉంది. ముందురోజు సాయంత్రం వాళ్లే ఫోన్ చేసి, "టెంట్లల్లకు నీళ్లొస్తున్నయ్ సార్, మీరు రాకుండ్రి" అన్నారు. సరే, డబ్బులు వెనక్కి పంపండి అంటే, వాన వస్తే రిఫండ్ ఉండదని బుకింగ్‌లోనే రాసి ఉందట. రావద్దన్నదీ వాళ్లే, డబ్బులు ఇవ్వం అన్నదీ వాళ్లే. అరగంట వాదించాక మూడు నెలల్లో వాడుకోవాల్సిన కూపన్ ఒకటి పంపారు. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, గడువు మాత్రం ఎప్పుడో దాటింది. వాన సూచన ఉన్నప్పుడు ఈ వైపు వచ్చేవాళ్లు గుడ్డ కప్పు కింద పడుకునే ఆలోచన మానుకోండి. లక్నవరంలో, రామప్ప చెరువు దగ్గర టూరిజం వాళ్ల హరిత గదులున్నాయి, అవి సిమెంటు గోడలవి. మాకు ఆఖరి నిమిషంలో అవి దొరకలేదు. హనుమకొండలో బస్టాండుకు నడిచి పోయేంత దూరంలో ఒక లాడ్జిలో దిగాం.

లాడ్జి గురించి మరీ చెడ్డగా చెప్పలేను. గోడ ఒకపక్క చెమ్మగిల్లి ఉంది, దుప్పట్లకు ముక్కిన వాసన. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఆ తర్వాత ఎవరు అరిచినా రావు. కానీ రాత్రి బాపు చలికి ముడుచుకోవడం చూసి, అడగకుండానే కౌంటర్‌లోని పిల్లగాడు రెండు రగ్గులు తెచ్చి ఇచ్చాడు. ఆ ఒక్క పనికి నేను వాళ్లకు మంచి మార్కులే వేస్తాను.

ఆరింటికి రావాల్సిన కారు ఏడింటికి వచ్చింది. డ్రైవర్ ములుగు దగ్గరి పల్లెవాడు, పాతికేళ్లుంటాయి. ఒకపక్క వైపర్ రబ్బరు చీలిపోయి ఉంది. అద్దం మీద అది తిరిగినప్పుడల్లా పిల్లి అరిచినట్టు కీచుమంటోంది, నీళ్లు పోవడానికి బదులు నా కళ్ల ముందు అర్ధచంద్రం లాగా పరుచుకుంటున్నాయి. ములుగులో మారుస్తానని మాట ఇచ్చి, అప్పటిదాకా ఆగడానికి కిరాణా కొట్లో ఒక ఆలుగడ్డ కొని, సగానికి కోసి అద్దమంతా రుద్దాడు. లారీ డ్రైవర్లు పొగాకుతోనూ ఇదే చేస్తారట. మా మేనల్లుడు నవ్వాడు గానీ, ఆ ఆలుగడ్డ మమ్మల్ని ములుగు దాకా తీసుకెళ్లింది. ఇంకో మాట, డిసెంబర్ ముసురులో ఏసీ వేస్తే చలి, ఆపితే అద్దాలకు ఆవిరి. మధ్యే మార్గంగా కిటికీ రెండు వేళ్ల సందు దించుకుని కూర్చున్నాం. ఎడమ భుజం సాయంత్రం దాకా ఆరలేదు.

ఊరు దాటాక రోడ్డు బాగుంది. ఇది హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వైపు పోయే 163వ జాతీయ రహదారి. గుడెప్పాడ్ దాటి ఆత్మకూరు దగ్గరికొచ్చేసరికి పొలాలు మొదలయ్యాయి. చలికాలపు వానకు చప్పుడుండదు. ఉరుము లేదు, మెరుపు లేదు, ఆకాశం మొత్తం ఒకటే బూడిద రంగు. పత్తి చేలల్లో రెండో ఏరుడుకు వచ్చిన పత్తి తడిసి, గూళ్లలోంచి జారి, తోకల్లాగా కిందికి వేలాడుతోంది. మామూలుగా తెల్లగా పూసినట్టుండే చేను ఆ రోజు పాత గోనెసంచి రంగులో ఉంది. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. కానీ తేమ 8 శాతంలోపు ఉంటేనే పూర్తి ధర, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. "ఇది ఇగ ఏరినా కూలి ఎల్లది" అన్నాడు డ్రైవర్. వాళ్ల ఇంట్లో మూడెకరాల పత్తి ఉందని తర్వాత తెలిసింది.

కటాక్షపూర్ దగ్గర బాపు మొదటిసారి బండి ఆపించాడు. వానాకాలంలో వార్తల్లో ఈ పేరు వింటుంటాం. చెరువు నిండి మత్తడి పడితే నీళ్లు నేరుగా రోడ్డు మీదుగానే పారతాయి, వరంగల్‌కూ ములుగుకూ మధ్య బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ రోజు చెరువు నిండుగా ఉంది కానీ మత్తడి పారడం లేదు. బాపు గొడుగు కూడా తీసుకోకుండా దిగి, కట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. "దీని మీద ఎంతమంది ఎన్ని అంచనాలు రాసిండ్రో" అన్నాడు. ఏం అంచనాలని అడిగితే చెప్పలేదు. పెన్షన్ తీసుకునే మనిషికి కూడా కొన్ని ఫైళ్లు మనసులో మూసుకోవు కాబోలు. పది నిమిషాలు. వెయిటింగ్ చార్జీ నా బుర్రలో తిరగడం మొదలైంది.

ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర అందరూ ఆగుతారు. మేడారం పోయేవాళ్లు ముందు ఇక్కడ కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాతే సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోతారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి జాతర అని అప్పటికే తేదీలు చెప్పేశారు, రోడ్డు పక్కన కంకర కుప్పలు కనిపించాయి. గుడి దగ్గర ఆ వానలో మేము, ఇంకో ఆటో. కొబ్బరికాయల ఆమె కవరు కప్పుకుని కూర్చుని, "వానకు సగం ధరకిస్త" అంది. వానకూ కొబ్బరికాయకూ ఏం సంబంధమో తెలియదు గానీ రెండు తీసుకున్నాం.

ములుగులో టిఫిన్. రోడ్డు పక్క రేకుల షెడ్డు, పేరు రాసిన బోర్డు కూడా లేదు. ఇడ్లీ ఆరిపోయింది, పూరీ మాత్రం నూనెలోంచి నేరుగా ప్లేటులోకి వచ్చింది. ముగ్గురికీ డ్రైవర్‌కూ కలిపి 190 రూపాయలు. వైపర్ రబ్బరు 120. ఎన్నికల ఫలితాలు వచ్చి రెండు రోజులే అయింది, ముఖ్యమంత్రి ఎవరో ఇంకా చెప్పలేదు. షెడ్డులో ప్రతి బల్ల దగ్గరా అదే చర్చ. తమ ఊరి సీతక్కకు ఏ శాఖ ఇస్తారని వాళ్ల మధ్య పందేలు. నేను హైదరాబాద్ నుంచి వచ్చానని తెలిసి, నాకేదో లోపలి సంగతి తెలిసినట్టు నలుగురు నావైపు తిరిగారు. నాకు తెలియదంటే నమ్మలేదు.

లక్నవరం ముందు చూసి, వెనక్కి వచ్చి రామప్ప, అక్కడి నుంచి ఘనపురం, పరకాల మీదుగా తిరుగు ప్రయాణం అని లెక్క వేసుకున్నాం. చల్వాయి దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. అడవి మొదలవుతుంది. టేకు ఆకులు సగం రాలి, మిగిలినవి నీళ్లు పట్టి వంగిపోయి ఉన్నాయి. ఈ చిన్న దారి నాకు చెరువు కంటే నచ్చింది.

చెరువు దగ్గర మాత్రం నిరాశే. బోట్లు ఆపేశారు, అది సరైన పనే. వేలాడే వంతెన మీదికి గాలి తగ్గినప్పుడు కొద్దిమందినే వదులుతున్నారు, అదీ సరైన పనే. ఎవరినీ తప్పు పట్టను. అయితే లక్నవరం అందమంతా దూరం చూపులో ఉంటుంది. కొండల మధ్య నీళ్లు, నీళ్ల మధ్య దీవులు, వాటిని కలుపుతూ వంతెన. ముసురు ఆ దూరాన్నే మింగేసింది. వంతెన అవతలి కొస కూడా సరిగా కనబడలేదు. మా అల్లుడు పదిహేను ఫొటోలు తీసి పద్నాలుగు తుడిచేశాడు. కాకతీయుల కాలపు చెరువు ఇది, ఇప్పటికీ దీని కింద పంట పండుతోంది. ఆ సంగతి చెప్పే పెద్ద బోర్డు కోసం బాపు వెతికితే ఎక్కువగా కనబడినవి సెల్ఫీ పాయింట్లు, ఐస్‌క్రీం బొమ్మలు. "తూము ఏ పక్కకున్నది బిడ్డా?" అని అక్కడి సెక్యూరిటీ కుర్రాణ్ని అడిగాడు. ఆ అబ్బాయి చాలా మర్యాదగా టాయిలెట్ల వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ మంచిదేదైనా ఉందంటే మక్క కంకులు. డిసెంబర్‌లో దొరుకుతాయని అనుకోలేదు. నీలం కవరు కింద బొగ్గుల మీద కాల్చి, ఉప్పు కారం నిమ్మకాయ రుద్ది ఇచ్చింది ఒక అవ్వ. ఒక్కోటి 30 రూపాయలు. చేతులు వెచ్చబడ్డాయి. గంటా పావు ఉండి బయల్దేరాం. ఎండ ఉన్న రోజైతే ఇక్కడ రోజంతా ఉండొచ్చు. వానైతే హైవే నుంచి లోపలికి తిరగకండి.

మళ్లీ వెనక్కి వచ్చి జంగాలపల్లి దగ్గర వెంకటాపూర్ దారి పట్టాం. ఇక్కడి నుంచి రోడ్డు సన్నం, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. ఈ మండలంలోనే లక్ష్మీదేవిపేట ఉంది. ఆ ఏడే జులైలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి, తెలంగాణలో అంతకుముందున్న లెక్కలన్నీ తుడిచేసిన ఊరు అది. ఏడాదంతా కురవాల్సిన దాంట్లో దాదాపు సగం ఒక్క రోజులో. "ఆ రాత్రి మా ఇంట్ల గోడ పడ్డదన్నా. పొద్దుగాల చూస్తే పొలం ఏది, వాగు ఏది తెల్వలె" అని డ్రైవర్ మామూలుగా చెప్పాడు. నాట్లు కొట్టుకుపోతే మళ్లీ నాటారట. అలా ఆలస్యమైన వరే ఇప్పుడు కోతకొచ్చి, కల్లంలో ఉంది.

ఒక ఊరి చివర రోడ్డుకు ఒకపక్కంతా వడ్లు పోసి ఉన్నాయి. ఆరబోసినవి, ఇప్పుడు గబగబా కుప్ప చేసి పరదాలు కప్పుతున్నారు. పరదా అంచున రాళ్లు పెడితే గాలి రెండో అంచు లేపుతోంది. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన, ఇంతే ఉన్నారు. మా కారు మెల్లగా వాళ్లను దాటబోతుంటే బాపు వెనక సీట్లోంచి డ్రైవర్ భుజం మీద తట్టాడు. "ఆపు కొడుకా."

ఆయనకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. నేను వద్దనేలోపే దిగి పరదా అంచు పట్టుకున్నాడు. ఇక మేం కూర్చుంటే ఏం బాగుంటుంది? డ్రైవర్ దిగాడు, నేను దిగాను, మా అల్లుడు ఫోన్ కవర్లో చుట్టి డాష్‌బోర్డు మీద పెట్టి దిగాడు. పరదా ఒక మూల నాకిచ్చారు. తడిసిన పరదా అంత బరువుంటుందని నాకు తెలియదు. గాలి కొట్టినప్పుడల్లా నన్నే లాక్కెళ్తోంది. కుప్ప చుట్టూ సన్న కాలువ తీయాలని బాపు చెబితే ముసలాయన పార ఇచ్చాడు, డ్రైవర్ తీశాడు. కుప్ప అడుగున చెయ్యి పెట్టి చూశాను, లోపల వేడిగా ఉంది. అలా వేడెక్కితే రెండు రోజుల్లో మొలకలొస్తాయట.

ముసలాయనకు కోపం వాన మీద కాదు. సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో వారం కింద వరుస పెట్టాడట. తేమ 17 శాతం మించకూడదని నియమం. మిషన్ పెడితే 19 వచ్చింది, ఇంకో రెండు రోజులు ఆరబెట్టమన్నారు. ఆ రెండు రోజుల్లోనే ముసురు పట్టింది. "17 అయితే తీసుకుంటరు, 19 అయితే తీసుకోరు. ఆ రెండిటి నడుమనే పాణం పోతున్నది" అన్నాడు. ఏ గ్రేడు వడ్లకు ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకు 2,203. రంగు మారితే బయట ఎంతకు అడుగుతారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్క మడిలో యాసంగి నారు పోసి ఉంది. ఈ వాన దానికి మంచిదే. రెండూ ఆయనవే.

వాళ్లు చాయ్ పెడతామన్నారు. ఆ వానలో పొయ్యి ఎక్కడ వెలిగిస్తారని వద్దన్నాం. అరగంట పట్టింది మొత్తం. కారెక్కాక నలుగురి బట్టల నుంచీ తడి వడ్ల వాసన, సీటు మీద నీటి మడుగులు. డ్రైవర్ ఏమీ అనకుండా డిక్కీలోంచి పాత తువ్వాళ్లు తీసి పరిచాడు.

రామప్ప చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. నేను ఇక్కడికి రావడం నాలుగోసారి. ఎండలో వచ్చిన మూడుసార్లూ కళ్లు చికిలించి, కాళ్లు కాలుతుంటే పరుగెత్తి చూసి వెళ్లిపోయాను. ఈసారి గుడి ముందు మేము కాక ఎనిమిది మంది ఉన్నారంతే. గుడి గోడల రాయి ఎర్ర ఇసుకరాయి. వాన పడితే అది ముదురు ఇటుక రంగుకు తిరుగుతుంది. లోపలి స్తంభాలు, చూరు కింద మదనికలనే నాట్యకత్తెల బొమ్మలు నల్లరాతివి. వాటికి నీటి తుంపర తగిలి, అప్పుడే నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. చూరు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి నీళ్లు వాళ్ల ముఖాల మీద పడకుండా, ముందు నుంచి దారాల్లాగా దిగుతున్నాయి. ఆ నీటి తెర వెనక నాట్యకత్తెలు. ఇది చూశాక లక్నవరం మీద నాకున్న బాధ పోయింది.

గైడ్ 300 అడిగాడు, బేరమాడలేదు. ఆడకపోవడమే మంచిదైంది. చాలా గుళ్లలో గైడ్లు ఇక్కడ చూడండి, అక్కడ చూడండి అని తరుముతారు. ఈయన వానకు తొందర లేదన్నట్టు నిదానంగా చెప్పాడు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు, శాసనం ప్రకారం 1213లో. దేవుడి పేరు రుద్రేశ్వరుడు, జనం మాత్రం శిల్పి పేరని చెప్పుకునే రామప్ప పేరుతోనే పిలుస్తారు. శిఖరంలోని ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. కృష్ణుడు, గోపికల బొమ్మ ఉన్న చోట రాతిని వేలితో తడితే స్వరాలు పలుకుతాయి. ఈయన తట్టి వినిపించాడు గానీ వాన చప్పుడులో రెండు స్వరాలే నాకు తెలిశాయి. నాట్యభంగిమలు చూపిస్తూ, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ బతికించేటప్పుడు ఈ గోడలనే చదివారని చెప్పాడు. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఊళ్లో పండగ చేసుకున్నారట.

బాపుకు ఇవేవీ పట్టలేదు. ఆయన చూపంతా నేల మీద. రంగమండపం రాతినేల అక్కడక్కడ ఎగుడుదిగుడుగా ఉంటుంది. పునాది కింద ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు, భూమి కదిలితే ఆ ఇసుక అదురును మింగుతుంది. "కాంక్రీటైతే పగులుతుండె. ఇది కుంగింది, పగల్లె" అని బాపు గైడ్‌కే పాఠం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒక స్తంభానికి ఆనుకుని ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. దాదాపు ఏడాదికి, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లో కూడా తెలిసింది. బాపు నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, రామప్పకేమైందని. గుడి నిలబడే ఉంది.

నందిని మాత్రం వదలకుండా చూడండి. అన్ని నందుల్లాగా కునుకు తీస్తున్నట్టుండదు. యజమాని పిలిస్తే లేవబోతున్నట్టు చెవులు నిక్కించి ఉంటుంది.

వానలో వచ్చేవాళ్లకు రెండు ఇబ్బందులు. చెప్పులు విడిచి నడవాలి, తడి రాయి చల్లదనం మోకాళ్ల దాకా పాకుతుంది, పైగా జారుతుంది. పెద్దవాళ్లకు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాలి. రెండోది భోజనం. సెలవురోజు కాకపోవడం, పైగా వాన, సగం కొట్లు మూసి ఉన్నాయి. తెరిచిన ఒకచోట చెరువు చేపల వేపుడు, అన్నం, చారు దొరికాయి. చేపలు తాజావి, మసాలా ఎక్కువ కాలేదు, చారు మాత్రం నీళ్లే. నలుగురికి 620. రసీదు అడిగితే లేదన్నాడు, కానీ బాపు తడిసి ఉన్నాడని పొయ్యి పక్క స్టూలు వేసి కూర్చోబెట్టాడు. భోజనమయ్యాక రామప్ప చెరువు కట్ట ఎక్కాం. గుడి కట్టించినవాళ్లే చెరువూ తవ్వించారు. ఇక్కడ బాపు తూము కోసం ఎవర్నీ అడగలేదు, తనే వెళ్లి చూసుకుని వచ్చాడు.

ఘనపురం అక్కడికి పది కిలోమీటర్ల లోపే. కోటగుళ్లు అంటారు. చుట్టూ మట్టికోట గట్టు, లోపల గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్నవీ పెద్దవీ కలిపి ఇరవై రెండు గుళ్లు. చాలావరకు కూలి ఉన్నాయి. రామప్పకు వచ్చే పదిమందిలో ఒక్కరైనా ఇక్కడికి వస్తారో లేదో. కాపలా ఆయన ఒక్కడే గొడుగేసుకుని తిరుగుతున్నాడు. గైడ్ లేడు, కొట్టు లేదు, చాయ్ కూడా లేదు. ఏనుగు మీదికి ఎక్కిన గజకేసరి బొమ్మలు, సగం విరిగిన మదనికలు, గడ్డిలో పడి ఉన్న స్తంభాలు. రామప్పలో అన్నీ వివరించి చెప్పించుకున్నాక, ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పకపోవడం హాయిగా అనిపించింది. మా అల్లుడు ఒక కూలిన గుడి మెట్టు మీద కూర్చుని, రోజంతటిలో మొదటిసారి ఫోన్ తీయకుండా పావుగంట ఉన్నాడు. చార్జింగ్ అయిపోయిందని తర్వాత చెప్పాడు.

అక్కడి నుంచి భూపాలపల్లి, పరకాల రోడ్డెక్కాం. జులై వరదలో ఊరు ఊరంతా మునిగి, జనం ఇళ్ల కప్పుల మీద కూర్చుని సాయం కోసం చూసిన మోరంచపల్లి ఈ రోడ్డు మీదిదే. బొగ్గు లారీలు ఎక్కువ. ఎదురుగా ఒకటి పోతే మన అద్దం మీద బురద నీళ్లు బకెట్టుతో కొట్టినట్టే. కొత్త వైపర్ రబ్బరుకు పెట్టిన 120 ఇక్కడ వసూలైంది. చీకటి పడే వేళ ఈ దారిలో సొంతంగా నడుపుకుని రావద్దని మాత్రం చెప్పగలను. రేగొండ దాటాక రోడ్డు పక్క మిర్చి తోటలు, కాయ రంగు తిరుగుతున్న దశ. ఇప్పుడు వాన పడితే కాయకుళ్లు వస్తుందని డ్రైవర్ అన్నాడు. ఆ సాయంత్రం ఆయన నోటి నుంచి మంచి మాట ఒక్కటే వచ్చింది. పరకాలలో మిర్చి బజ్జీల బండి ఎక్కడుందో తనకు తెలుసని.

నిజంగానే తెలుసు. సెనగపిండి పలచగా, మిరపకాయ కారంగా, పక్కన ఉల్లిపాయ ముక్కలు, ఉడకబెట్టిన సెనగ గుడాలు. ప్లేటు 40. నాలుగు ప్లేట్లు తిని ఇంకో రెండు కట్టించుకున్నాం. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చినవాళ్లపై నిజాం పోలీసులు కాల్పులు జరిపిన ఊరు ఇది, దాని గుర్తుగా కట్టిన అమరధామం ఉంది. చీకట్లో, వానలో దూరం నుంచే చూశాం. దానికి విడిగా ఒక పూట పెట్టుకోవాలి.

ఏడు కాకముందే హనుమకొండ. 212 కిలోమీటర్లు, 2,756 రూపాయలు. బత్తా 300. వెయిటింగ్ నా లెక్క ప్రకారం ఐదున్నర గంటలు. డ్రైవర్ ఐదు గంటలకే వేశాడు. తప్పు పడిందేమోనని చెబితే, "వడ్ల కాడ అరగంట నేను రాయలె అన్నా" అన్నాడు. మొత్తం 3,556. నేను 4,000 ఇస్తే వైపర్ డబ్బులు మాత్రం తీసుకుని మిగతావి వెనక్కి ఇవ్వబోయాడు. బాపు ఆయన జేబులో తోసేశాడు. ఒక గంట ఆలస్యంగా వచ్చాడని పొద్దున నాకున్న కోపం ఎక్కడ పోయిందో తెలియదు.

లాడ్జికి చేరేసరికి వేడినీళ్లు ఆగిపోవడానికి ఇంకా గంట టైముంది. వడ్ల నుసికి బాపు మెడంతా దద్దుర్లు లేచాయి. రెండు బకెట్లు ఆయనకే ఇచ్చాం. స్నానం చేసి రగ్గు కప్పుకుని మంచమ్మీద కూర్చున్నాడు. టీవీలో రేవంత్ రెడ్డి పేరు ఖరారైందని వార్త. ఏ చానెల్ పెట్టినా అదే, కింద వీధిలో టపాకాయలు కూడా పేలాయి. మా అల్లుడు సౌండ్ పెంచబోతే బాపు రిమోట్ లాక్కున్నాడు.

"జర ఆగు. కింద వాతావరణం అని గీతలెక్క పోతున్నది, అది చదువు. రేపు తెరిపి ఇస్తదటనా?"